పెరుగు గిన్నెలో పడోసీలు, మట్టిలో దుష్మన్లు



ఈసారి తారీఖ్ ముచ్చట్లో నవాబులు లేరు, కిలాలు లేవు. కంటికి కనపడని మఖ్లూఖ్ ఉంది. దాని హథియార్లను మన దవాలుగా మార్చిన జమాత్‌లో ముందు నిలబడిన ఒక తెలుగు డాక్టరు ఉన్నారు.

సవాల్ ఇది. చిటికెడు మట్టిలో కోట్ల బాక్టీరియా ఉంటాయి. వాటికి తిండీ తక్కువే, జాగా కూడా తక్కువే. పక్కవాణ్ణి చంపే జహర్ కూడా చాలావాటి దగ్గర ఉంది. ఈ లెక్కన అన్నిటికంటే బలమైన జాతి ఒక్కటే మిగలాలి. కానీ వేల రకాలు యుగాల నుంచి పక్కపక్కనే గుజారా చేస్తున్నాయి. ఎలా?

ఇదేదో లేబొరేటరీ వాళ్ల తలనొప్పి అని వదిలేయకండి. మన ఇళ్లలో మందుల డబ్బా పనిచేస్తుందా లేదా అన్నది ఈ సవాల్ మీదే ఆధారపడి ఉంది.

మాస్కో గాజు గొట్టాలు

ఈ సవాల్‌ను తజర్బా చేసి చూసినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది రష్యాకు చెందిన గియోర్గీ గౌజే. అప్పటికి పాతికేళ్ల కుర్రవాడు. పారమీసియం అనే ఏకకణ జీవుల్లో రెండు జాతుల్ని ఒకే గాజు గొట్టంలో పెంచాడు. రెంటికీ ఒకే తిండి. కొన్నాళ్లకు ఒకటే మిగిలింది, రెండోది పూర్తిగా పోయింది. 1934లో అచ్చైన తన కితాబులో ఈ తజర్బాలన్నీ రాశాడు. ఒకే తిండి మీద, ఒకే తీరులో బతికే రెండు జాతులు కలకాలం కలిసి ఉండలేవన్న సూత్రానికి ఇప్పటికీ ఆయన పేరే చెబుతారు.

కానీ అదే గౌజే ఇంకో జతను కలిపి పెంచినప్పుడు రెండూ బతికాయి. ఎందుకని చూస్తే, ఒకటి గొట్టం పైభాగంలో తింటోంది, ఇంకోటి అడుగున తింటోంది. గొట్టం ఒకటే అయినా మొహల్లాలు వేరు. అంటే కలిసి బతకడానికి మొదటి తరీఖా, జాగా పంచుకోవడం.

దీన్ని చూడాలంటే మాస్కో దాకా అక్కర్లేదు. మా మంగళగిరి నుంచి ఏ వైపు వెళ్లినా కాస్త దూరంలోనే కృష్ణా నీళ్లు పారే వరిపొలాలు కనిపిస్తాయి. సీతానగరం దగ్గర మొదలయ్యే పడమటి డెల్టా కాలువ నీళ్లు పొలంలో నిలబడ్డాక, మట్టిలో పైన కొద్ది మిల్లీమీటర్ల దాకే గాలి అందుతుంది. అక్కడ గాలి పీల్చే బాక్టీరియా ఉంటాయి. కింద గాలి లేదు. అక్కడ నైట్రేటుతో పని గడుపుకునేవి ఉంటాయి. ఆ తర్వాత ఇనుముతో, గంధకపు లవణాలతో బతికేవి. ఏదీ మిగలని చోట మీథేన్ వాయువు చేసే సూక్ష్మజీవులుంటాయి. ఒకటి వదిలేసిన దాంతో ఇంకొకటి బతుకుతుంది. వరి కోసి, మినుములు చల్లేసరికి గాలి మళ్లీ లోపలికి వెళ్తుంది. హుకూమత్ మారిపోతుంది. ఈసారి మినుము వేళ్ల బుడిపెల్లో నత్రజని పట్టే బాక్టీరియాకు రోజులొస్తాయి. ఏ జాతికీ ఏడాదంతా రాజ్యం దక్కదు, అందువల్ల ఏదీ పూర్తిగా ఓడిపోదు.

ఒకరికొకరు మొహతాజ్

రెండో తరీఖా మన వంటింట్లోనే ఉంది.

1905లో జెనీవాలో చదువుకుంటున్న స్టామెన్ గ్రిగోరోవ్ అనే బల్గేరియా కుర్రవాడు తన ఊరి పెరుగును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. అందులో పొడుగ్గా పుల్లల్లాంటి బాక్టీరియా కనిపించింది. తర్వాత దానికి లాక్టోబాసిల్లస్ బల్గారికస్ అని పేరు పడింది. ఆ రకం పెరుగులో దీనికి తోడుగా పూసల దండలా ఉండే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ ఉంటుంది. మన ఇంటి తోడులో ఇంకా చాలా రకాలుంటాయి. అయినా ఈ రెంటి కహానీ తెలిస్తే మిగతావాటి పద్ధతి అర్థమవుతుంది.

రెండూ తినేది పాలల్లోని చక్కెరనే. గౌజే సూత్రం ప్రకారం చూస్తే ఇవి రకీబులు. కానీ పుల్లల బాక్టీరియా పాలల్లోని మాంసకృత్తుల్ని చిన్న ముక్కలు చేస్తుంది. పూసల బాక్టీరియాకు ఆ పని బాగా చేతకాదు, అందుకని అది ఆ ముక్కల మీద బతుకుతుంది. బదులుగా పూసల బాక్టీరియా ఫార్మిక్ ఆమ్లం ఇస్తుంది, బొగ్గుపులుసు వాయువు ఇస్తుంది, ఫోలిక్ ఆమ్లం కూడా ఇస్తుంది. పుల్లల బాక్టీరియాకు అవి కావాలి. విడివిడిగా తోడుపెడితే పాలు నింపాదిగా తోడుకుంటాయి, కలిపి పెడితే జల్దీ తోడుకుంటాయి. ఇందులో దోస్తీ లేదు, మజ్బూరీ ఉంది. ఒకదాని మిగులు ఇంకొకదాని జరూరత్.

ఆ ఫోలిక్ ఆమ్లం అన్న మాటను కాస్త గుర్తుంచుకోండి. మన తెలుగు డాక్టరు అక్కడి నుంచే వస్తారు.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఆ వయసులోనే ఆయన ఇంటి మీద ఒక బీమారీ పడింది. పేరు ట్రాపికల్ స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరు కొద్ది రోజుల తేడాలో ఆ బీమారీతోనే ఇంతెకాల్ అయ్యారు. ఆ రోజుల్లో దానికి సరైన దవా లేదు.

1922లో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చాలా ఏళ్లు మేహనత్ చేశాక 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే లేబొరేటరీస్‌కు వెళ్లి, అక్కడి పరిశోధనకు సారథి అయ్యారు. మళ్లీ హిందూస్తాన్ రాలేదు.

అంతకు ముందే బొంబాయిలో ఇంకో కథ నడిచింది. లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టరమ్మ గర్భిణులకు వచ్చే ప్రమాదకరమైన రక్తహీనతను అక్కడ పరిశోధించారు. పేద స్త్రీలలో, అందులోనూ పేద ముస్లిం ఘరానాల స్త్రీలలో అది ఎక్కువగా కనిపించింది. ఈస్ట్ సారం తినిపిస్తే తగ్గుతోందని ఆమె 1931లో ప్రకటించారు. అందులో ఏదో ఒక పోషకం ఉందని తెలిసింది. అదేమిటో తెలియలేదు.

ఆ పోషకాన్ని పట్టుకోవడానికి శాస్త్రజ్ఞులు తరాజూగా వాడుకున్నది ఒక బాక్టీరియానే. పేరు లాక్టోబాసిల్లస్ కేసీ. దానికి ఫోలిక్ ఆమ్లం సొంతంగా తయారు చేసుకోవడం రాదు, బయటినుంచి అందితేనే పెరుగుతుంది. కాలేయపు సారంలో ఒక్కో భాగాన్ని విడదీసి దానికి వేస్తారు. ఏ భాగం వేస్తే అది బాగా పెరిగిందో, ఆ భాగంలో పోషకం ఉన్నట్టు. దాని మొహతాజీయే శాస్త్రానికి గవాహీ అయింది. ఈ దారిలోనే సుబ్బారావు జట్టు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఇవాళ సర్కారీ దవాఖానాలో మన ఇంటి గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే రెండో మందు అదే.

బాక్టీరియా లోకంలో ఇలాంటి లోటు ఉన్నవి బోలెడు. పక్కవాడు తయారుచేసి వదులుతుంటే సొంతంగా చేసుకునే ఖర్చు ఎందుకని ఆ హునర్‌నే వదిలేసుకుంటాయి. అలా వదిలేసుకున్నాక పక్కవాణ్ణి పూర్తిగా తుడిచిపెట్టడం తన గొయ్యి తాను తవ్వుకోవడమే.

హథియార్ల ఖజానా

జాగా పంచుకోవడం, అవసరం పంచుకోవడం అయ్యాయి. మరి జంగ్ సంగతి?

మొదటి వాన పడ్డప్పుడు మట్టి నుంచి లేచే ఖుష్బూ మనందరికీ తెలుసు. కన్నౌజ్‌లో అత్తరు చేసేవాళ్లు దాన్ని మిట్టీ ఇత్ర్‌గా సీసాల్లోకి ఎక్కిస్తారు. ఆ వాసనలో ముఖ్యమైన పదార్థాన్ని తయారుచేసేవాటిలో పెద్ద ఖాందాన్ స్ట్రెప్టోమైసెస్ అనే మట్టి బాక్టీరియా. ఖుష్బూ ఇచ్చే ఈ ఖాందాన్ దగ్గరే హథియార్లు కూడా ఎక్కువ. మన యాంటీబయాటిక్స్‌లో పెద్ద హిస్సా వీటి నుంచే వచ్చింది.

పోటీ సూత్రం చెప్పిన గౌజే కూడా తర్వాత ఇటే వచ్చాడు. 1942లో మారియా బ్రాజ్నికోవాతో కలిసి రష్యా మట్టిలోని ఒక బాక్టీరియా నుంచి గ్రామిసిడిన్ ఎస్ అనే మందు తీశాడు. యుద్ధంలో గాయపడ్డ సిపాయిలకు దాన్ని వాడారు. అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ దగ్గర పనిచేస్తున్న ఆల్బర్ట్ షాట్జ్ 1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టాడు. టీబీని ఎదిరించిన మొదటి యాంటీబయాటిక్ అది.

లెడర్లేలో ఈ పని మీద కూర్చున్నది బెంజమిన్ డగ్గర్. కాలేజీ నుంచి రిటైరై, డెబ్బై దాటిన వయసులో ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు. అమెరికాలో చోటుచోటు నుంచి మట్టి తెప్పించి పరీక్షించాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయంలోని సాన్‌బోర్న్ ఫీల్డ్ అనే పొలం మట్టిలో బంగారు రంగు స్ట్రెప్టోమైసెస్ దొరికింది. దాని నుంచి తీసిన మందుకు ఆరియోమైసిన్ అని పేరుపెట్టారు. టెట్రాసైక్లిన్ ఖాందాన్‌లో మొదటి మందు అదే. 1948 జూలైలో లోకానికి ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు ఇంతెకాల్ అయ్యారు. వయసు 53.

ఇక్కడ ఒక దిల్‌చస్ప్ సంగతి ఉంది. సుబ్బారావు అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకు ఇవాళ డాక్టర్లు ఇచ్చే దవా ఏమిటి? ఫోలిక్ ఆమ్లం, దానితో పాటు కొన్ని నెలల టెట్రాసైక్లిన్. ఒకటి ఆయన జట్టు చేసింది, రెండోది ఆయన సారథిగా ఉన్న లేబొరేటరీలో దొరికిన మందు సంతానం. ఆ బీమారీలో చిన్నపేగులో ఉండకూడనంత బాక్టీరియా పెరిగిపోయి ఉంటుంది. మామూలుగా వాటి బస్తీ పెద్దపేగు, చిన్నపేగులో కొద్దిగానే ఉంటాయి. అవి తమ మొహల్లా దాటి పైకి వచ్చి స్థిరపడితే పేగు పాడవుతుంది, ఒంటికి ఫోలిక్ ఆమ్లం అందదు. అంటే సమస్య బాక్టీరియా ఉండడంలో లేదు, ఎక్కడ ఎంత ఉన్నాయన్న దాంట్లో ఉంది.

గిలకొట్టిన సీసా

జహర్ ఉండి కూడా అందరూ ఎలా మిగిలారన్న సవాల్‌కు అసలైన జవాబ్ 2002లో వచ్చింది. బెంజమిన్ కెర్, మార్గరెట్ రైలీ, మార్కస్ ఫెల్డ్‌మన్, బ్రెండన్ బోహన్నన్ అనే నలుగురు మన పేగుల్లో ఉండే ఈ.కోలీ బాక్టీరియాలోనే మూడు రకాలు తీసుకున్నారు. మొదటిది జహర్ చేసేది. రెండోది జహర్‌కు లొంగిపోయేది. మూడోది జహర్ చేయదు, కానీ దానికి లొంగదు.

జహర్ చేసేది, లొంగేదాన్ని చంపుతుంది. లొంగనిదాన్ని ఏమీ చేయలేదు. పైగా జహర్ తయారీ ఖర్చు దాని నెత్తిన ఉంది కాబట్టి లొంగనిది దాన్ని దాటిపోతుంది. కానీ లొంగకుండా ఉండడానికి కూడా ఖర్చు ఉంది. ఆ ఖర్చు లేని లొంగేది, జహర్ లేని చోట లొంగనిదానికంటే వేగంగా పెరుగుతుంది. పిల్లలు ఆడుకునే రాయి-కాగితం-కత్తెర ఆటలా, ఒక్కొక్కటీ ఒకదాన్ని గెలుస్తుంది, ఒకదానికి ఓడుతుంది.

ఈ మూడింటినీ గట్టి జెల్లీ పళ్లెం మీద, ఎక్కడివి అక్కడే ఉండేలా పెంచితే మూడూ మిగిలాయి. సరిహద్దులు కాస్త అటూ ఇటూ జరిగాయి, ఎవరూ పోలేదు. అదే సీసాలో ద్రవంలో వేసి గిలకొడుతూ పెంచితే చివరికి మిగిలింది ఒక్కటే. జహర్‌కు లొంగనిది.

నాకు ఈ తజర్బాలో కమాల్ అనిపించేది ఇదే. హథియార్ చిన్న జాగాలో, పక్కవాడి దాకా మాత్రమే చేరినంత కాలం జంగ్ జరుగుతూనే అందరూ బతికారు. జహర్ అంతటా కలిసిపోయిన రోజు లొంగేవి చచ్చాయి, చేసేవి ఓడాయి, మొండిది ఒక్కటే రాజైంది.

దీన్ని మనుషుల మొహల్లాలకు మిసాల్‌గా నేను చెప్పను. బాక్టీరియాకు నియ్యత్ లేదు, ఇన్సాఫ్ లేదు. మనకు ఉన్నాయి. కానీ మందుల విషయంలో ఈ తజర్బా సూటిగా మనకే తగులుతుంది. ఎందుకంటే సీసాను గిలకొట్టింది మనమే.

మట్టిలో బాక్టీరియా తన చుట్టూ చుక్కంత జహర్ వదులుతుంది. మనం దాన్ని టన్నుల్లో తయారుచేశాం. ఆరియోమైసిన్ వచ్చిన రెండేళ్లకే, 1950లో, అదే లెడర్లేలోని థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ దాన్ని కోళ్ల దాణాలో కలిపితే కోళ్లు త్వరగా బరువెక్కుతాయని ప్రకటించారు. ఈ స్టోక్‌స్టాడ్ ఫోలిక్ ఆమ్లం పనిలో సుబ్బారావు జట్టు మనిషే. ఆ రోజు నుంచి బీమారీ లేని జానవర్లకు కూడా లోకమంతా యాంటీబయాటిక్స్ తినిపించడం మొదలైంది. మన డెల్టాలో రొయ్యలు పండించేవాళ్లకు దీని నుక్సాన్ వేరే రూపంలో తెలుసు. యాంటీబయాటిక్ అవశేషాలు కనబడితే విదేశాల వాళ్లు సరుకు వెనక్కి పంపేస్తారు. మనుషులకు ఆఖరి దవాగా దాచుకోవాల్సిన కోలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు వాడడాన్ని మన దేశం 2019లో గానీ ఆపలేదు.

హెచ్చరిక లేక కాదు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి తీసుకుంటూనే, చాలీచాలని మోతాదులో వాడితే మొండి క్రిములు తయారవుతాయని చెప్పాడు.

ఖాలా రిపోర్టు

కిందటేడు మా ఖాలాకు మూత్రంలో మంట మొదలైంది. ఒక మెడికల్ షాపులో చీటీ లేకుండానే మాత్రలు ఇచ్చారు. రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ వచ్చింది. ఇంకో రకం ఇచ్చారు. జ్వరం, చలి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ముందు మూత్రం కల్చర్ చేయించమన్నారు. రిపోర్టులో బాక్టీరియా పేరు ఈ.కోలీ. కింద మందుల వరస, ప్రతి మందు పక్కన ఒక అక్షరం. ఎస్ అంటే ఆ మందుకు లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. పైనుంచి కిందికి ఆర్, ఆర్, ఆర్. నోటితో మింగే మాత్రల్లో దాదాపు ఏదీ మిగలలేదు. ఏడు రోజులు రోజూ వెళ్లి ఇంజెక్షన్ చేయించుకోవాల్సి వచ్చింది. అల్‌హందులిల్లాహ్, షిఫా అయింది.

ఆ కాగితం చూస్తుంటే కెర్ పళ్లెమే నాకు కనిపించింది. ఎస్, ఆర్ అనేవి ఆ తజర్బాలో రెండో రకం, మూడో రకం. జహర్ చేసే మొదటి రకం జాగాలో ఉన్నది మనమూ, మన మందుల దుకాణాలూ.

మూత్రంలోకి వచ్చే ఈ.కోలీ ఎక్కువగా మన పేగుల నుంచే వస్తుంది. పేగుల్లో వందల రకాల బాక్టీరియా ఉంటుంది. ఆ రద్దీలో మొండి రకం కొద్దిగానే ఉంటుంది, ఎందుకంటే మొండితనం చాలాసార్లు దానికి బరువు. జలుబుకు కూడా యాంటీబయాటిక్ వేసుకున్నామనుకోండి, జలుబు వైరస్‌కు అది తగలదు. తగిలేది పేగుల్లోని లొంగే పడోసీలకు. వాళ్లు పోగానే ఖాళీ ఇళ్లన్నీ మొండిదానివే. మందు ఆపాక లొంగేవి మెల్లగా తిరిగొస్తాయి, చాలాసార్లు మొండివాటిని మళ్లీ తగ్గిస్తాయి. ప్రతిసారీ కాదు, కొన్ని మొండి రకాలకు ఆ బరువు అంతగా ఉండదు. అందుకే యాంటీబయాటిక్ లేకుండా గడిచే ప్రతి నెలా మన పేగులకు ఫాయిదాయే.

మన ఇళ్లలో చేయదగ్గ ఎహ్తియాత్ పెద్దదేమీ కాదు. మందు పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడనిది. బలమైన యాంటీబయాటిక్స్ చాలా వాటిని 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలో పెట్టారు, అమ్మిన దుకాణం రిజిస్టరులో మరీజ్ పేరు రాయాలి. మనం చీటీ అడగని దుకాణం వెతుక్కుంటే ఆ కానూన్ కాగితం మీదే ఉంటుంది. జలుబు, దగ్గుకు "స్ట్రాంగ్ మాత్ర" రాయమని డాక్టరును బలవంతపెట్టొద్దు. రాసినప్పుడు చెప్పినన్ని రోజులు వాడాలి, సొంతంగా మధ్యలో ఆపొద్దు. అన్నకు మిగిలిన మాత్రలు తమ్ముడికి వేయొద్దు.

ఇంకొకటి. మీ ఇంట్లో ఎవరికైనా కల్చర్ రిపోర్టు వచ్చి ఉంటే పారేయకండి. రేషన్ కార్డు, ఆధార్ పెట్టే ఫైల్లోనే పెట్టండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చూపించండి. మీ ఇంటి మనిషి పేగుల్లో ఏ మందుకు ఎవరు లొంగారో, ఎవరు లొంగలేదో ఆ ఒక్క కాగితంలోనే ఉంటుంది.

ఖుదా హాఫిజ్.